‘అయితే’ దగ్గర కోసేసిన మాట

చనిపోయిన మనిషి చెప్పిన మాటను మధ్యకు కోసి, మొదటి సగాన్ని మాత్రం ఆయన నోటితోనే ఇంకా చెప్పిస్తున్నారు. జరిగిన అన్యాయం ఇది. చుట్టు తిప్పి చెప్పడానికి ఇందులో ఏమీ లేదు.

మాట ఒక రైఫిల్ గురించి. అబుదాబి దాటాక ఇసుకలో ఒక షూటింగ్ క్లబ్బు ఉంది. పేరు రాయను. రాస్తే నా గొడవ కూడా వాళ్లకు ప్రచారం అవుతుంది. సెలవు రోజుల్లో జనం కార్లలో వచ్చి, కాగితపు బొమ్మల మీద గురిచూసి కాల్చి, ఫొటోలు దిగి పోతారు. ఆ మనిషి అక్కడ తుపాకులు చూసుకునేవాడు. వచ్చినవాళ్లకు పట్టుకోవడం నేర్పడం, పక్కన నిలబడి కాల్పించడం, సాయంత్రం తుడిచి లోపలపెట్టి తాళం వేయడం ఆయన పని. నేను అక్కడే, ఆ కాగితపు బొమ్మలు తగిలించే చెక్క చట్రాలు చేసే వడ్రంగిని. కరోనా మూతలు అయిపోయి క్లబ్బు మళ్లీ తెరిచాక కొత్తగా ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తెప్పించారు, ఆటకు వాడేది. దాని గుణం ఏమిటో తెలుగువాళ్లకు తెలుగులో చెప్పమని ఆయన్ను కెమెరా ముందు నిలబెట్టారు. ఆయన మంచి చెప్పాడు, చెడు చెప్పాడు. నేను అక్కడే ఉండి రెండూ విన్నాను. జనానికి చూపిస్తున్న దాంట్లో మంచి ఒక్కటే ఉంది.

నేను దాన్ని చూసింది అబుదాబి పక్కనున్న బనియాస్‌లో, మంగలి కుర్చీలో. మంగలి మా జగిత్యాల దిక్కువాడే. అద్దానికి ఫోను ఆనించి ఏవేవో చూస్తూ నా గడ్డం గీస్తున్నాడు. ఉన్నట్టుండి ఆ గొంతు వినిపించింది. అప్పటికి ఆయన పోయి నెలలు దాటాయి. నేను లేవబోయాను.

“కదలకు కాకా, తెగుతది.”

“గదేంది, మల్లొక్కసారి పెట్టు.”

“తుపాకి ముచ్చట నీకెందుకు కాకా ఈ వయసుల. ఎవల మీద కోపమొచ్చింది?”

నురగ మొహంతోనే చూశాను. గోరింటాకుతో ఎర్రబారిన గడ్డం, ఇస్త్రీ చొక్కా, వెనక నేను నున్నగా చిత్రిక పట్టిన పలక. నవ్వుతూ చెబుతున్నాడు. ఇది భుజాన్ని తన్నదు, ఆడవాళ్లయినా కాల్చొచ్చు, గురి మీంచి కన్ను తీయక్కర్లేదు, భయపడాల్సిన పనే లేదు. అంతవరకు చెప్పి, ఊపిరి పీల్చి, నోరు తెరిచాడు. అక్కడ మనిషి మాయమై క్లబ్బు ఫోను నంబరు వచ్చింది.

ఆ తెరిచిన నోట్లోంచి రావాల్సిన మాట ఏదో నాకు తెలుసు. ఆయన్ను ఎరిగిన ఎవరికైనా తెలుసు.

మేం ఆయన్ను ‘అయితే భాయ్’ అనేవాళ్లం. ఊరు రాయచోటి అవతల. ఇంటివాళ్లతో ఉర్దూ, మాతో తెలుగు, మేనేజరు ముదీర్‌తో హిందీ, గేటు దగ్గర అరబ్బీ. ఏ భాష అయినా మధ్యలో ఒక ‘అయితే’ వచ్చి పీట వేసుకుని కూర్చునేది. ముందు వస్తువును మెచ్చుకునేవాడు, మొహమాటానికి కాదు, మనసారా. విన్నవాడి మొహం విచ్చుకుంటుండగా ఆ మాట అనేవాడు. తరువాత దాని లోపాలన్నీ, మొదట చెప్పిన మంచి ఎంత ఓపికగా చెప్పాడో అంతే ఓపికగా చెప్పేవాడు. ఒకటి చెప్పి రెండోది చెప్పకుండా వదిలితే ఆయనకు అన్నం సయించేది కాదు.

బనియాస్‌లో మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. గదిలోకి కొత్తగా దిగినవాడు మంచం చూసుకుంటూ అడిగేవాడు.

“రూము మంచిగుంటదా భాయ్?”

“బాగుండాది. కిటికీ ఉండాది.”

“అయితే?” అని మేమే పక్క మంచాల మీంచి అందించేవాళ్లం.

“అయితే, కిటికీ ఉండాది గదా. దాని కింద రొట్టెల బట్టీ ఉండాది. పొద్దున నీ కంటే ముందు ఆ పొగ లేస్తాది.”

ఆయనతో బజారుకు పోవడం ఒక శిక్ష. ఇంటిదానికి చీర కొందామని నన్ను బర్ దుబాయ్ తీసుకుపోయాడు ఒకసారి. ప్రతి చీరనూ పొగిడాడు. ప్రతి చీరకూ ఒక ‘అయితే’ పెట్టాడు. షాపువాడు సింధీ, పెద్దమనిషి, మొదట టీ తెప్పించాడు. సాయంత్రానికి ఆయనే మమ్మల్ని బతిమాలాడు, పక్క వీధిలో తన బావమరిది షాపు ఉంది, అక్కడికి పొమ్మని. మళ్లీ ఎప్పుడు ఆ దారిన పోయినా ఆయన్ను దూరం నుంచి చూసి ఆ సింధీ లోపలి గదిలోకి పోయేవాడు.

దుబాయ్ గురించి కూడా ఆయనది అదే తూకం. మేం ఇక్కడ ఏ ఊళ్లో ఉన్నా, ఇంటి దగ్గరివాళ్లకు అంతా దుబాయే. ఊరి నుంచి ఎవడో ఫోను చేసి, తమ్ముణ్ని పంపనా వద్దా అని అడిగాడు. స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాడు, మేమంతా విన్నాం. “పంపు. అన్నం పెడతాది,” అన్నాడు. మేం ఎదురుచూశాం. “అయితే, తినేటప్పుడు ఎదురుగా మనోళ్లు ఎవురూ కూర్చోరు.” 

ఇంకో అలవాటు చిటికెన వేలిది. రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు ఒకటి ఉంటుంది, గొట్టం మొదట్లో. అది ఖాళీ అయిందో లేదో కంటితో చూసి ఊరుకునేవాడు కాదు, చిటికెన వేలు దూర్చి తడిమేవాడు. ఏళ్ల తరబడి అదే పని చేసి ఆ వేలి కొన నల్లబడింది, ఏ సబ్బుకూ వదల్లేదు. చివరికి అది తుపాకీతో ఆగలేదు. కెటిల్ ఖాళీ అంటే వేలు, చక్కెర డబ్బా ఖాళీ అంటే వేలు. గదిలో పప్పు గిన్నె అడుగంటితే ఎవడో ఒకడు అనేవాడు, “ఏయ్, ఖాలీ అంటే ఖాలీ కాదురా. భాయ్‌ను పిలువు, ఏలు పెట్టి చెప్తడు.” ఆయన నిజంగానే వచ్చి వేలు పెట్టి, “ఇంకో గరిటెడు ఉండాది,” అనేవాడు. ఉండేది కూడా.

ఆ ‘అయితే’ను ఆయన మింగేసింది నేను ఒక్కసారే చూశాను. క్లబ్బులో తోటమాలి ఒకడు ఎండదెబ్బ తగిలి పోయాడు. వాడికి నోటిదురుసు, అందరితో పోట్లాట. వాడి అన్నకు ఫోను చేసి చెప్పే పని ఈయన మీద పడింది. “మంచోడన్నా. చెట్టును బిడ్డ మాదిరి చూసుకునేవాడు. అయి...” అని ఆగాడు. నాలుక పంటి కింద పెట్టుకున్నాడు. అవతల అన్న ఏడుస్తున్నాడు. ఈయన ఫోను పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.  చెప్పకుండా ఆగడం సరైనదే, అయినా అది ఆయనకు జ్వరంలా పట్టుకుంది.

నేను ఆ పద్ధతి పాటించను. పోయినవాళ్లను దేవుళ్లను చేసి రాయడం నాకు చేతకాదు. నేను బడికి పోయినవాణ్ని కాదు. సిమెంటు సంచుల మీద అక్షరాలు కూడబలుక్కుని, పొట్లాలు కట్టిన పేపర్లు చదివి నేర్చుకున్నవాణ్ని. నాకు తెలిసినంతలో ఆయన కూడా అందరిలాంటి మనిషే. గడ్డానికి గోరింటాకు పెట్టుకుని బాత్‌రూము నల్లా ఎర్రగా వదిలిపోయేవాడు. నా రేజరు అడక్కుండా వాడేవాడు. అడగకపోయినా సలహా ఇచ్చేవాడు. ఒకడు పండక్కి ఇష్టపడి కొనుక్కున్న బూట్లకు ‘అయితే’ పెడితే వాడు వాటిని మంచం కింద పడేసి చెప్పులతోనే విమానం ఎక్కాడు. వాడికి ఆ సంతోషం ఎందుకు పాడుచేయాలి? నేను తిట్టాను కూడా. “ఏంది భాయ్, గంత మంది ముందట గట్లనా చెప్పుడు?” అంటే, “బూట్లు కరుస్తాయన్నా, నేను చెప్పకపోతే కరవకుండా ఉంటాయా,” అన్నాడు. ఆయనతో వాదన అంతటితో సరి.

ఇక రైఫిల్ సంగతి.

అంతకు ముందు క్లబ్బులో ఉన్నవి పాతకాలం రైఫిళ్లు. ఒక తూటా చేత్తో పెట్టాలి, గడియలాంటి బోల్టు మూయాలి, కాల్చాలి, మళ్లీ బోల్టు లాగి కాలిన తూటా ఖాళీ డొప్పను బయటపడేయాలి. కొత్తది అట్లా కాదు. కింద ఒక డబ్బీ తగిలిస్తారు, మ్యాగజైన్ అంటారు, తూటాలు అందులో ఉంటాయి. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకటే పేలుతుంది. అయితే పేలిన ఊపుతో అదే డొప్పను విసిరేసి, అదే ఇంకో తూటాను పైకి తెచ్చుకుని సిద్ధంగా కూర్చుంటుంది. మళ్లీ నొక్కడమే తరువాయి.

అది వచ్చిన రోజు ముదీర్ అందరినీ పిలిచి చూపించాడు. ముదీర్ అంటే క్లబ్బు నడిపే మేనేజరు. ఎట్లా ఉందని మా భాయ్‌ను హిందీలో అడిగాడు. ఈయన చేత్తో నిమిరి, తిప్పి, వాసన చూసి, “కొన్నాళ్లు కాపురం చేయనీండి సార్, అప్పుడు చెప్తా,” అన్నాడు. అందరూ నవ్వారు. ముదీర్ నవ్వలేదు, ఆయనకు అప్పుడే జవాబు కావాలి.

ఆ కొన్నాళ్లూ నా షెడ్డుకు వచ్చి చెక్కపొట్టు మీద కూర్చుని విడతలు విడతలుగా చెప్పేవాడు. ఆయన దేన్నయినా తూచేది నా ముందే.

“ఏంది భాయ్, కొత్తకోడలి కథలు జెప్పినట్టు దినాం దాని కథలేనా?”

“కోడలైతే మూడు మాటల్లో తేలిపోతాదన్నా. ఇది తేలడంల్యా.”

“ఏం తేలాలె? మంచిదో చెడ్డదో అను, ఖలాస్.”

“మంచిదే. పాత రైఫిలు కాలిస్తే సన్నగా ఉండేవాళ్లకు భుజం కమిలేది. ఇది తన్నుడు సగం తనే మింగుతాది. నిన్న ఒకామె వచ్చింది, చేతులు వణుకుతా ఉండె. నాలుగు కాల్చేసరికి వణుకు పోయింది. నవ్వుకుంటా పోయింది.”

“అయితే?”

“అయితే, ఆ వణుకు పోకుండా ఉండాల్సిందేమో అనిపిస్తాది నాకు.”

ఒక మధ్యాహ్నం వచ్చాడు. ఎప్పటిలా సలాం చెప్పలేదు. నేను రంపం ఆపాను. అరచెయ్యి తెరిచి చూపించాడు. అందులో ఒక తూటా, కాల్చనిది.

“ఇది యాడ దొరికిందో తెల్సా అన్నా? ఖాలీ తుపాకిలో.”

టీ పోసి ఇచ్చాను. తాగలేదు. తరువాత మెల్లగా చెప్పాడు. పాత రైఫిళ్లను ఖాళీ చేయాలంటే బోల్టు లాగితే చాలు, ఉన్న ఒక్క తూటా బయట పడుతుంది. ఇన్నేళ్లూ ఆయన చెయ్యి చేసింది అదే. ఆ రోజు కొత్తదానితో కూడా చెయ్యి తెలియకుండా ముందు బోల్టు మీదకే పోయింది. లాగాడు, తూటా బయట పడింది, వదిలాడు. వదలగానే కింద మ్యాగజైన్‌లో ఉన్న ఇంకో తూటా పైకి పోయి కూర్చుంది. ఆ తరువాత మ్యాగజైన్ తీసేశాడు. ఇక ఖాళీ అనుకున్నాడు. కొత్తగా నేర్చినవాడైతే ముందు మ్యాగజైనే తీసేవాడు. ఈ తప్పు పాత రైఫిళ్ల మీద చెయ్యి తిరిగినవాడే చేస్తాడు. తాళం వేసే ముందు అలవాటు చొప్పున చిటికెన వేలు పెట్టాడు. వేలికి ఇత్తడి చల్లగా తగిలింది.

“ఖాలీ అనుకున్నవు గద, మల్ల ఏలెందుకు పెట్టినవ్?” అన్నాను.

“నేను అనుకున్నానని ఏలికి తెలీదు గదన్నా.”

నేను అప్పుడే చెప్పాను, ఈ సంగతి నా షెడ్డు దాటొద్దని. ముదీర్ చెవిన పడితే ఉద్యోగం ఖలాస్. వీసా ఖలాస్. ఈ వయసులో వీసా ఇచ్చే ఇంకో కఫీల్ ఎక్కడ దొరుకుతాడు? ఆయన విన్నాడు. “నువ్వు చెప్పేది మంచిదే అన్నా,” అన్నాడు. తరువాతి మాట ఏదో నాకు తెలుసు. “అయితే, నా చెయ్యి చేసిన పని ఇంకో చెయ్యి చేయదా?”

అప్పటి నుంచి ప్రతి ఉదయం క్లబ్బు తెరవకముందు తన కింద పనిచేసేవాళ్లను వరసగా నిలబెట్టి, మందు లేని ఉత్తి తూటాలతో ఆ తప్పు చేసి చూపించేవాడు. తన పేరు పెట్టి మాత్రం చెప్పేవాడు కాదు. “ఒకాయన ఇట్ల చేసినాడు,” అనేవాడు.

ఆయన సెలవు మీద ఊరికి పోవడానికి కొన్ని రోజుల ముందు ఒక అమ్మాయి వచ్చింది. హైదరాబాద్ పిల్ల, క్లబ్బు వీడియోలు తీసే పని ఆమెది, ఆఫీసు బర్ దుబాయ్‌లో. తెలుగువాళ్లు చాలామంది వస్తున్నారు, వాళ్ల భాషలో ఒకటి తీయమని ముదీర్ చెప్పాడట. వెనక నా పలక పెట్టించింది. పలక కదలకుండా పట్టుకోవడానికి నన్ను దాని వెనక నిలబెట్టింది.

“నవ్వుతూ చెప్పండి భాయ్. మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడినట్టు.”

“ఇంట్లో నేను మాట్లాడితే ఎవురూ నవ్వరు మేడం,” అంటూనే గడ్డం దువ్వుకున్నాడు.

మొదటి సగం మీరు చూసే ఉంటారు, చూడకపోతే ఏ మంగలి షాపులోనో కనబడుతుంది. రెండో సగం ఎక్కడా లేదు. నేను పలక వెనక నిలబడి విన్నది, నాకు గుర్తున్నంత వరకు, ఇక్కడ రాస్తున్నాను. ‘భయపడాల్సిన పనే లేదు’ అన్న తరువాత ఆయన అన్నది ఇది:

“అయితే, భయం శానా పోగొట్టుకోవద్దండి. దీనికి చెడ్డ గుణాలుండాయి, అవి గూడా వినండి. ఇది మసి జాస్తి తింటాది. కాల్చిన పొగ కొంత వెనక్కొచ్చి దీని కడుపులోనే కూర్చుంటాది. దానికి మన ఇసక తోడైతే మధ్యలో బిగుసుకుంటాది. తూటా గూడా ఏది పడితే అది పెడితే ఒప్పుకోదు, బలం లేని తూటా ఐతే డొప్ప సగంలో ఇరుక్కుంటాది. ఎడమచేతివాటం వాళ్లకు కాలే డొప్ప మొగం ముందర నుంచి ఎగురుతాది, కాలరు గుండీ పెట్టుకోండి. ఇంకోటి, ఎనకాల ఇంకో తూటా ఉండాదని తెలిస్తే మనిషి ముందు తూటాకు సరిగ్గా గురి చూడడు. పాత రైఫిలు ఐతే ఒక్కటే గదా, మనసు పెట్టి కాలుస్తారు.

“ఇవన్నీ చిన్నవి. పెద్దది చెప్తా ఉండా. ఇది తనంతట తానే నింపుకుంటాది. దీని మంచి అదే, చెడు గూడా అదే. మనం మర్చిపోయినా అది మర్చిపోదు. మ్యాగజైన్ తీసేస్తే ఖాలీ అయిందనుకుంటాము, పైన ఒకటి కూర్చోనే ఉంటాది. నేనే చేసినా ఈ తప్పు. ఇన్నేండ్ల పనోణ్ని, నా చెయ్యే నన్ను మోసం చేసింది. ముందు మ్యాగజైన్ తియ్యండి. ఆ ఎనక బోల్టు లాగండి. ఆ ఎనక కన్ను పెట్టి చూడండి, ఏలు పెట్టి చూడండి. ఖాలీ అని నేను చెప్పినా నమ్మద్దండి.”

అదీ ఆయన మాట. ‘నేనే చేసినా’ అన్నప్పుడు నా చేతుల్లో పలక కదిలింది. ఆ అమ్మాయి “కదపకండి అంకుల్” అంది.

కెమెరా ఆపాక నేను బయటికి లాక్కుపోయి అడిగాను, ఎందుకు చెప్పుకున్నావని. “ఒకాయన చేసినాడంటే ఎవురూ భయపడడంల్యా అన్నా. నేను చేసినా అంటే భయపడతారు,” అన్నాడు. అంతే.

సెలవు మీద పోయాడు. అక్కడ ఒక పొద్దున నమాజు చేసుకుని వచ్చి, మంచం మీద కూర్చుని, నీళ్లు అడిగాడట. భార్య నీళ్లు తెచ్చేలోపల ఒరిగిపోయాడు. గుండె అన్నారు. ఆ వీడియో ఆయన పోయిన తరువాత బయటికి వచ్చింది. తన మాటను కోసిన సంగతి ఆయనకు తెలియదు. అదొక్కటే నాకు కాస్త ఊరట.

మంగలి షాపు నుంచి వచ్చి ఆమెకు ఫోను చేశాను. ఆమె ఆ వీడియో నాకంటే ముందే చూసింది. ఊళ్లో ఎవరెవరో పంపారట.

“ఆయన గొంతు వింటా ఉంటే బాగుండాదన్నా,” అంది.  “నోరు తెరిచి ఆగిపోతాడు. ప్రతిసారీ చెవి దగ్గర పెట్టుకోని చూస్తా ఉండా, ఈసారన్నా చెప్తాడేమోనని. ఆయన అట్ల ఆపే మనిషి కాదు గదన్నా. నలభై మంది భోజనాలకు కూర్చోని ఉన్నా ఆపేటోడు కాదు.”

“పూర్తిగ ఉన్నది చెల్లెమ్మా. నేను ముందటనే ఉన్న.”

“అయితే ఇప్పియ్యి. తుపాకి సంగతి నాకేం తెలుస్తాది. ఆయన మాట ఆయన్ను ముగించుకోనియ్యండి.”

నాకు కావలసింది కూడా అదే. ఆమెకు ఆ పూర్తి మాట చేరాలి. జనానికి కూడా పూర్తిగా చూపించాలి, లేదా అసలే చూపించకూడదు. రేపు ఎవడో ఒకడు భయపడాల్సిన పనే లేదన్నాడు కదా అని మ్యాగజైన్ తీసేసి, ఖాళీ అనుకుని, ఫొటో కోసం పెళ్లాం వైపు తిరిగితే? అప్పుడు ఆ చెప్పినవాడు ఎవడని అడుగుతారు. కోసినవాడి పేరు ఎవరూ అడగరు.

నేను అప్పటికి క్లబ్బు మానేసి బనియాస్‌లోనే ఒక వడ్రంగి షాపులో చేరాను. సెలవు పెట్టి క్లబ్బుకు పోయాను. ముదీర్ మర్యాదగానే కూర్చోబెట్టాడు, ఖర్జూరం పెట్టాడు, గహ్వా కాఫీ పోశాడు.

“అందులో చెడ్డ మాట ఏముంది బాబా? నవ్వుతున్నాడు, కళగా ఉన్నాడు. ఇంటివాళ్లు సంతోషపడాలి కదా.”

“ఆయన చెప్పింది అంత కాదు సార్. రెండు సగాలుంటయి.”

“మాకు తెలుగు రాదు బాబా. ఒక సగమో, రెండు సగాలో, మాకెట్లా తెలుస్తుంది? ఆ పని అమ్మాయిది, ఆమెను అడుగు.”

అబద్ధం చెప్పాడని అనను. తెలియని భాషలో తమ తుపాకీ గురించి ఏం చెబుతున్నారో కనుక్కోవాలన్న ఆలోచన కూడా రాకపోవడమే నాకు ఒళ్లు మండించింది.

బస్సులో దుబాయ్ పోయి, మెట్రో మారి, బర్ దుబాయ్‌లో ఆ వీడియో అమ్మాయి ఆఫీసు వెతుక్కున్నాను. తిట్టాలనే పోయాను. కిందికి దిగి వచ్చి తనే నా సంచి అందుకుంది.

“ఎందుకు కోసినవమ్మా?”

“చాలా పొడుగైంది అంకుల్. అంతసేపు ఎవరూ చూడరు.” తలవంచుకుని ఇంకో మాట అంది. “అదొక్కటే కాదు. ఆయన తన తప్పు తనే చెప్పుకున్నాడు కదా. అది బయటికి వస్తే ఎవరో ఒకరు ముదీర్‌కి చెప్తారు. ఉద్యోగం తీసేస్తారు. నేను ఆయన కోసమే కోశాను. ఊరి నుంచి వచ్చాక చెబుదామనుకున్నా.”

 షెడ్డులో నేను ఆయనకు చెప్పింది కూడా ఇదే కదా.

“సరే బిడ్డా. అప్పుడు కోసినవు, మంచికే కోసినవు. ఇప్పుడు ఆయనకు పోయే నౌకరి లేదు. మల్ల అతికియ్యి. అతికియ్యరాకపోతే తీసెయ్యి. ఆయన ఇంటామెకు ఒకటి పంపియ్యి. వీడియో కింద ‘మా నిపుణుడు’ అని ఆయన పేరు రాసుకున్నరు, పేరు పెట్టుకున్నంక మాట గూడ పూర్తిగ పెట్టాలె గద.”

ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. పూర్తిగా ఉంది. ఇద్దరం కూర్చుని మొదటి నుంచి చివరి దాకా విన్నాం. ‘నమ్మద్దండి’ అని చెయ్యి ఊపి, నా పలకను ఒకసారి తట్టి, ఫ్రేములోంచి తప్పుకున్నాడు. పక్క బల్లల వాళ్లు తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డారు.

“ఇప్పుడే పంపొచ్చు గద ఆమెకు.”

“ఇది క్లబ్బుది అంకుల్. నేను పంపితే నా ఉద్యోగం... నేను అడుగుతాను. గట్టిగానే అడుగుతాను. మీరు కూడా ఒక ఉత్తరం రాయండి, దాంతో కలిపి పంపుతా.”

నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను. తప్పులుంటే దిద్దమన్నాను, ఆమె దిద్దలేదు, ఇట్లాగే బాగుంది అంది. పంపాం. ఆ తరువాత నేను వారం వారం ఫోను చేసేవాణ్ని. మీటింగులో ఉన్నారు, పెద్దాయన ఊళ్లో లేరు, చూస్తున్నారు. రాయచోటి నుంచి ఆమె అడిగినప్పుడల్లా, వస్తుంది చెల్లెమ్మా, వస్తుంది అంటూ వచ్చాను. ఒక దశలో ఆమె అడగడం మానేసింది.

జవాబు వచ్చింది. ఎవరు రాశారో కింద పేరు లేదు, క్లబ్బు ముద్ర ఉంది. ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా ఉంది. మాట పొల్లుపోకుండా తెలుగు చేసి ఇక్కడ పెడుతున్నాను:

“గౌరవనీయులైన పెద్దలకు, మీ ఆవేదన మాకు అర్థమైంది. ఆయన మా కుటుంబంలో ఒకరు. ఆ రికార్డింగు క్లబ్బు ఆస్తి కాబట్టి పూర్తి భాగాన్ని బయటివారికి ఇవ్వలేము. ప్రస్తుతం నడుస్తున్న వీడియోకు ఆదరణ చాలా బాగుంది కాబట్టి దాన్ని తీసివేయడం గానీ మార్చడం గానీ కుదరదు. మీకు ఇంకా అభ్యంతరం ఉంటే, వీడియో కింద ఉన్న ఆయన పేరును తీసివేయగలము.”